భోగి పొద్దున ఫ్లైట్ ఎక్కాలా, ఇంటికి పోవాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. తిరుపతిలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను, హాస్టల్లో ఉంటాను. మా ఊరు చిత్తూరు దగ్గర పల్లె. నాన్నది వ్యవసాయం, నాలుగు ఆవులున్నాయి. మేం ఐదుగురం ఫ్రెండ్స్ ఈ సంక్రాంతి సెలవుల్లో మలేషియాలో కౌలాలంపూర్ వెళ్దామనుకున్నాం. ముగ్గురు అమ్మాయిలం, ఇద్దరు అబ్బాయిలు. బుధవారం భోగి రోజు పొద్దున్నే చెన్నైలో ఎక్కి, ఆదివారం తిరిగొచ్చేలా ప్లాన్. రెండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్న 42,000 నా దగ్గర ఉన్నాయి. ఇంట్లో ఏ దేశమో చెప్పకుండా ‘పండక్కి ఫ్రెండ్స్‌తో టూర్ పోతా’ అని మాత్రం అడిగాను. నాన్న ‘నీ ఇష్టం’ అన్నాడు. అమ్మ ఏం మాట్లాడకుండా ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచీ నాకు ఏమీ తోచడం లేదు. ఫ్రెండ్సేమో ‘బెంగళూరులో ఇండస్ట్రియల్ విజిట్ అని చెప్పేయ్, అయిపోతుంది’ అంటున్నారు. ఒకమ్మాయికి పాస్‌పోర్టు ఇంకా రాలేదు, వచ్చేస్తుందంటోంది. ఇంకొకరికి తెలిసినవాళ్లు చెన్నైలో ఉన్నారు, తిరిగొచ్చేటప్పుడు వాళ్ల చిన్న పార్సిల్ తెచ్చిస్తే టికెట్‌లో సగం వాళ్లే పెట్టుకుంటారట. ఆదివారంలోగా బుక్ చేయాలి. వెళ్లనా, మానుకోనా? వెళ్తే అమ్మకి సన్న చెయిన్ ఒకటి తేవాలని ఉంది, అక్కడ బంగారం చవకంట కదా?
ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: నీ ఉత్తరం మూడుసార్లు చదివాను తల్లీ. మొదటిసారి మీ అమ్మ ఫోన్ పెట్టేసిన చోట ఆగాను. రెండోసారి నీ 42,000 దగ్గర ఆగాను, ఎందుకంటే ఎనిమిదో క్లాసు పిల్లలకు లెక్కలు చెప్పి డబ్బు దాచడమంటే ఎంత ఓపిక కావాలో నాకూ తెలుసు. మూడోసారికి గానీ ఆ పార్సిల్ మాట సరిగ్గా కనపడలేదు. పాస్‌పోర్టుకూ టికెట్టుకూ మధ్యలో ఒక్క వాక్యంలో రాసేశావు. నాకు మాత్రం అది చదివాక మిగతా ఉత్తరమంతా చిన్నదైపోయింది. కాబట్టి పండగ సంగతి తర్వాత, ముందు పార్సిల్ సంగతి.

చెన్నైలో ఇలా సరుకు మోసేవాళ్లకు ఒక పేరుంది, ‘కురువి’ అంటారు. కురువి అంటే పిచ్చుక. ఇక్కడ ఎగిరి అక్కడ వాలి, ముక్కున ఏదో కరుచుకుని మళ్లీ ఇక్కడ వాలుతుంది కాబట్టి ఆ పేరు. టికెట్ వాళ్లే కొంటారు, చేతిఖర్చు కూడా ఇస్తారు, తిరిగొచ్చేటప్పుడు ఒక డబ్బానో చాక్లెట్ ప్యాకెట్టో చేతిలో పెడతారు. స్టూడెంట్స్ అంటే వాళ్లకు మరీ ఇష్టం. వయసు చిన్నది, ముఖంలో అమాయకత్వం ఉంటుంది, పాస్‌పోర్టు కొత్తది. ఆ డబ్బాలో ఏముందో నీకు చెప్పరు. చెప్పినా అది నిజమని నువ్వెలా తెలుసుకుంటావు? బంగారాన్ని పేస్టులా చేసి దాస్తున్నారు. బ్యాంకాక్ నుంచి హైడ్రోపోనిక్ గంజాయి, అంటే మట్టి లేకుండా నీళ్లలో పెంచినది, తెస్తూ చెన్నై ఎయిర్‌పోర్టులో దొరికిన కుర్రాళ్ల వార్తలు ఈ మధ్య పేపర్లలో నువ్వూ చూసే ఉంటావు.

దొరికితే ‘నాది కాదు, వేరేవాళ్లది’ అంటే సరిపోదా అనుకుంటారు మీ వయసు పిల్లలు. సరిపోదు. నీ దగ్గర దొరికిన బంగారం స్మగ్లింగ్ సరుకు కాదని నిరూపించుకోవాల్సింది నువ్వే. కస్టమ్స్ చట్టంలో 123వ సెక్షన్ అచ్చంగా ఆ మాటే చెబుతుంది. మత్తు పదార్థాల చట్టం ఇంకా గట్టిది, నీకు తెలిసే తెచ్చావన్న అనుమానంతోనే కోర్టు మొదలుపెడుతుంది, తెలియదని నువ్వు రుజువు చేసుకోవాలి. అదీ మన దేశంలో దిగాక పట్టుకుంటే. అక్కడ మలేషియాలోనే పట్టుకుంటే? మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్ష తప్పనిసరి అన్న నిబంధనను వాళ్లు 2023లో తీసేశారు గానీ, మరణశిక్షను తీసేయలేదు. వేయాలా వద్దా అన్నది జడ్జి ఇష్టానికి వదిలారు, అంతే.

అందుకని ఆ ఫ్రెండ్‌తో వాదన పెట్టుకోకు. ‘పార్సిల్ ఉంటే నేను రాను, నాతో వచ్చే ఏ బ్యాగులోనూ అది ఉండకూడదు’ అని ఒక్క మాట చెప్పు. ‘నువ్వు మొయ్యొద్దులే, నేను మోస్తా’ అని తను అంటే కూడా ఒప్పుకోవద్దు. ఐదుగురూ ఒకే బుకింగ్ మీద వెళ్లి, ఒకే రూముల్లో ఉండి, ఒకే ఫ్లైట్‌లో దిగితే, ఒకరి బ్యాగులో దొరికినదానికి ఐదుగురినీ కూర్చోబెట్టి అడుగుతారు. నువ్వు నిర్దోషివని తేలడానికి పట్టే రోజుల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వచ్చి వెళ్లిపోతాయి. సగం టికెట్ కోసం చేసే పనేనా ఇది? తను అయినా వినకపోతే నలుగురే వెళ్లండి. దీంట్లో మొహమాటం పనికిరాదు.

ఇప్పుడు బెంగళూరు ఇండస్ట్రియల్ విజిట్ సంగతి.

అబద్ధం చెప్పడం తప్పని నీకు నేను చెప్పాలా, ఆ మాట మీ ఇంట్లోనే చిన్నప్పుడు నేర్పుంటారు. నా సంగతి ఒకటి చెప్తా. నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఇదే తిరుపతిలో, ముగ్గురం హాస్టల్ నుంచి మద్రాసు పోయాం. పొంగల్ రోజుల్లో అక్కడ ఐలాండ్ గ్రౌండ్స్‌లో పెద్ద ఎగ్జిబిషన్ పెడతారు, జెయింట్ వీల్ ఎక్కాలని మా ఆశ. ఇంట్లో చెప్పింది మాత్రం ‘ల్యాబ్ రికార్డులు రాసుకోవాలి, రెండ్రోజులు ఆలస్యంగా వస్తా’ అని. జెయింట్ వీల్ ఎక్కాం, మిరపకాయ బజ్జీలు తిన్నాం, అంతా బాగానే ఉంది. తిరుగు ప్రయాణంలో ఊత్తుకోట్ట దాటకముందే బస్సు ఆగిపోయింది. రాత్రి పదిన్నర. మాలో ఒకమ్మాయికి సాయంత్రం నుంచే జ్వరం, అప్పటికి ఒళ్లు కాలిపోతోంది.

రోడ్డు పక్కన ఒక ఎస్టీడీ బూత్ తెరిచి ఉంది. పసుపు రంగు బోర్డు, లోపల ట్యూబ్‌లైట్ చుట్టూ పురుగులు. రిసీవర్ ఎత్తాను. మా ఇంట్లో ఫోన్ లేదు, ఎదురింటి సార్ వాళ్ల నంబర్ నాకు నోటికి వచ్చు. కోడ్ నొక్కాను, మొదటి మూడంకెలు నొక్కాను, అక్కడ ఆగిపోయాను. ఏం చెప్పాలి? నేను హాస్టల్లో కదా ఉన్నాను! మీటర్ మీద ఎర్రంకెలు అలాగే నిలబడ్డాయి, బూత్ ఆయన నా ముఖం కేసి చూస్తున్నాడు. రిసీవర్ పెట్టేసి బయటికి వచ్చేశాను. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది ఇడ్లీ కొట్టు పెట్టుకున్న ఒక తమిళావిడ. వాళ్లింట్లో పడుకోబెట్టి, జ్వరానికి మాత్రా, మిరియాల కషాయం ఇచ్చి, పొద్దున బస్సెక్కించింది. ఆమె మంచిది కాబట్టి సరిపోయింది. కాకపోయుంటే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది. ఈ కథ మా అమ్మకు పద్నాలుగేళ్ల తర్వాత నవ్వుతూ చెప్పాను. ఆమె నవ్వలేదు.

అబద్ధంతో నాకొచ్చిన చిక్కు అదీ. సాయం కావాల్సిన సరిగ్గా ఆ నిమిషంలో నా ఫోన్ నాకు పనికిరాకుండా పోయింది. నాది ఊత్తుకోట్ట, తిరుపతికి రెండు గంటల దూరం. నీది వేరే దేశం. అక్కడ పాస్‌పోర్టు పోయిందనుకో, ఇమిగ్రేషన్‌లో ఆపారనుకో, ఒకరికి అపెండిసైటిస్ వచ్చిందనుకో. మీ నాన్నకి ఫోన్ చేసి ‘నాన్నా, నేను బెంగళూరులో లేను’ దగ్గర మొదలుపెడతావా? ఆయన హడలిపోయి, మాట నమ్మి, డబ్బు సర్దేలోపు సగం రాత్రి అయిపోతుంది. అసలు అంతదాకా పోకుండానే అబద్ధం బయటపడే దారులూ ఉన్నాయి. ఐదుగురిలో ఒకరు పెట్రోనాస్ జంట టవర్ల ముందు ఫోటో పెడతారు, మీ చిన్నాన్న కొడుకు చూస్తాడు, పాలు పోసే వేళకి ఊరంతా తెలుస్తుంది. అబ్బాయిలు వస్తున్న సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది. నువ్వు చెప్పి తెలియడం వేరు, ఫోటోలో తెలియడం వేరు.

కాబట్టి నా లెక్కలో ఇది ఒక్కటే షరతు: నువ్వు ఏ దేశంలో ఉన్నావో మీ ఇంట్లో తెలియాలి. అది ఒప్పుకుంటే వెళ్లు. వెళ్లొద్దని నేను చచ్చినా అనను. సొంత డబ్బుతో, ఇరవై ఏళ్లకే సముద్రం దాటి నాలుగు రోజులు తిరిగి రావడం ఎంత మంచి సంగతి! మా తరంలో ఆడపిల్ల పాస్‌పోర్టు అంటే పెళ్లయ్యాక మొగుడి వీసా కోసం తీసుకునేది.

కానీ భోగి రోజున మాత్రం వెళ్లకు.

దీనికి రెండు కారణాలు. మొదటిది చాలా చిన్నది, పొగ. భోగి మంటలు మనం మాత్రమే వేస్తామనుకుంటాం గానీ చెన్నైలో అంతకన్నా ఎక్కువ. చాపలు, పాత సామాన్లు, వద్దన్నా టైర్లు కూడా కాలుస్తారు. జనవరి మంచు, ఆ పొగ కలిస్తే రన్‌వే కనపడదు. 2018 భోగి పొద్దున చెన్నైలో విమానాలు గంటల తరబడి ఆలస్యమయ్యాయి, కొన్ని రద్దయ్యాయి, దిగాల్సినవాటిని వేరే ఊళ్లకు మళ్లించారు. తర్వాత కూడా భోగి పొద్దున ఆలస్యాలు మామూలే. ఏడాదిలో 365 రోజులుంటే మీ బ్యాచ్ సరిగ్గా ఆ పొద్దుటిని వెతికి పట్టుకుంది.

రెండోది మీ అమ్మ ఫోన్ పెట్టేయడం. ఆమె అలిగిందని నువ్వనుకుంటున్నావు. నాకైతే ఆమె లెక్క వేసుకుంటోందనిపించింది. సంక్రాంతి రోజు పెద్దలకు బట్టలు పెట్టుకుని మొక్కాలి, ఆ వంట ఒక్కత్తే చేయాలి. మర్నాడు కనుమ, మన పక్క అసలు పండగ అదే కదా, పసువుల పండగ. ఉప్పుచెక్క తినిపించడం చూసే ఉంటావు. అడవి నుంచి తెచ్చిన చెక్కలూ ఆకులూ ఉప్పు వేసి రోట్లో దంచుతారు. ఆ చేదుకు ఏ ఆవూ దాన్ని ఇష్టంగా తినదు. ఒకరు కొమ్ములు పట్టుకోవాలి, ఒకరు దవడ తెరిచి లోపలికి తోయాలి, పక్కన ఇంకొకరు తాడు వదలకుండా నిలబడాలి. తర్వాత నాలుగింటినీ కడగాలి, కొమ్ములకు రంగు పూయాలి, పొంగలి వండాలి, పొలి చల్లాలి. ఇంట్లో అన్నో తమ్ముడో ఉన్నట్టు నువ్వు రాయలేదు. మరి తాడు పట్టుకునేది ఎవరు? ఇన్నేళ్లూ నువ్వే అయ్యుంటావు. మీ నాన్న ‘నీ ఇష్టం’ అన్నది కూడా అనుమతిగా తీసుకోకు. ఆయనకి తెలిసింది ‘టూర్’ అన్న ఒక్క ముక్క. తెలియని విషయానికి ఎవరైనా ఇంకేం జవాబు చెబుతారు?

అలాగని కనుమ సాయంత్రం బయల్దేరతా అంటావేమో. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మీ అమ్మ ఈ మాట అనకముందే నేనే అనేస్తున్నా. ఆ నమ్మకం మీద నాకు మరీ అంత పట్టింపు లేదు గానీ, పండగ తిని బరువుగా కూర్చున్న పూట తల్లిని ఏడిపించి బయల్దేరడం నాకు నచ్చదు.

ఇప్పుడు క్యాలెండర్ తీయి. 2026లో భోగి 14 బుధవారం, సంక్రాంతి గురువారం, కనుమ శుక్రవారం. సరిగ్గా పది రోజులకి జనవరి 26, సోమవారం పడింది. శని, ఆది, సోమ, మూడు రోజులు. 23 శుక్రవారం రాత్రి చెన్నైలో ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. అక్కడి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, కాబట్టి తెల్లారేసరికి కౌలాలంపూర్‌లో ఉంటారు. సోమవారం రాత్రికి చెన్నైలో దిగొచ్చు. భోగి, సంక్రాంతి, కనుమ మూడూ ఇంట్లో చేసుకుని వెళ్తున్నావు కాబట్టి ఇంట్లో అడగడానికి నీకూ నోరొస్తుంది. పైగా పొంగల్ వారంలో ఉండే టికెట్ రేట్ల కన్నా పండగ రద్దీ తగ్గాక కొంచెం కిందికి దిగే అవకాశం ఎక్కువ. రెండు తేదీలకీ రేట్లు పక్కపక్కన పెట్టి గ్రూపులో వెయ్యి, మీ వాళ్లు నీ సెంటిమెంట్‌కి ఒప్పుకోకపోయినా ఆ అంకెలకి ఒప్పుకుంటారు. ఒక్క ఇబ్బంది ఉంది. రిపబ్లిక్ డే ముందు ఎయిర్‌పోర్టుల్లో తనిఖీలు ఎక్కువ, మూడు గంటల ముందు అనేది నాలుగు గంటలు చేసుకోండి.

పాస్‌పోర్టు రాని అమ్మాయి సంగతి కూడా దీంతో తేలుతుంది, తనకి ఇంకో పది రోజులు దొరుకుతాయి. అయినా బుక్‌లెట్ చేతికి రాకుండా తన టికెట్ కొనొద్దు. ‘వచ్చేస్తుంది’ అనేదాని మీద వేల రూపాయలు పెట్టకూడదు. ఇక్కడ హాస్టల్ పిల్లలకు జరిగే పొరపాటు ఒకటుంది. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అప్లై చేసేటప్పుడు ప్రస్తుత చిరునామాగా హాస్టల్ ఇస్తారు, పోలీసు వెరిఫికేషన్‌కి వచ్చే రోజు పిల్ల ఊళ్లో ఉంటుంది, ఫైలు అక్కడే ఆగుతుంది. తను ఏ చిరునామా ఇచ్చిందో, స్టేషన్ నుంచి కబురు వచ్చిందో లేదో ఈరోజే అడుగు. మిగతా నలుగురూ పాస్‌పోర్టు చివరి తేదీ చూసుకోండి, దిగే రోజు నుంచి ఇంకా ఆరు నెలలు ఉండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మన పక్క కొంతమందికి ఇంటిపేరు ఉండదు, నాన్న పేరులో మొదటి అక్షరమే ఇనిషియల్. బుకింగ్‌లో ‘సర్‌నేమ్’ గడి కనపడగానే తోచింది కొట్టేస్తారు, తర్వాత కౌంటర్ దగ్గర తంటా. పాస్‌పోర్టు తెరిచి ముందు పెట్టుకుని టైప్ చేయండి.

వీసా టెన్షన్ లేదు. 30 రోజుల లోపు వెళ్లొచ్చే మనవాళ్లకు 2026 డిసెంబర్ 31 వరకు మలేషియా వీసా అడగడం లేదు. కానీ దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. డబ్బు కట్టమని అడిగే సైటు కనపడితే అది మలేషియా ఇమిగ్రేషన్ వాళ్లది కాదని అర్థం, బయటికి వచ్చేయండి. వీసా అడగకపోవడం అంటే ప్రశ్నలు అడగకపోవడం కాదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, చేతిలో సరిపడా డబ్బు చూపించలేక అటునుంచి అటే వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ కాగితాలు ఫోన్‌లోనే కాకుండా ప్రింట్ తీసి ఒక్కొక్కరూ విడిగా పెట్టుకోండి. అన్నీ గ్రూప్ లీడర్ ఫోన్‌లో ఉండి, ఆ ఫోన్ చార్జింగ్ అయిపోవడం నేను కళ్లారా చూశాను.

డబ్బు విషయానికి వస్తే, 42,000 మొత్తం తీసుకుపోకు. టికెట్, రూము, తిండి, తిరుగుడు అన్నీ కలిపి 35,000 దాటకుండా మొదటే గీత గీసుకో. మిగిలింది ముట్టుకోకుండా ఇక్కడే ఉండాలి. ఒక రింగిట్ ఇరవై రూపాయల పైమాట. అక్కడ నీ కార్డు పని చేస్తుందనుకోకు, 2020 నుంచి మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపేసే ఉంటుంది. యాప్‌లో నువ్వే ఆన్ చేసుకోవాలి, వచ్చాక ఆఫ్ చేసుకోవాలి. చాలా కార్డుల్లో గీకిన ప్రతిసారీ మార్కప్ అని కొంత శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ పోతుంది, కాబట్టి కొంత నగదు ఇక్కడే మార్చుకుంటే మంచిది. ఇంకో సంగతి, ఓటీపీ మన ఇండియా సిమ్‌కే వస్తుంది. ఖర్చు మిగులుతుందని ఆ సిమ్ తీసి పక్కన పెట్టేసి హోటల్ వైఫై మీద బతికితే, డబ్బులుండి కూడా కట్టలేవు. రోమింగ్ ఆన్ చేసే పద్ధతి బయల్దేరే ముందే కనుక్కో. ట్రావెల్ ఇన్సూరెన్స్‌కి కొన్ని వందలు అవుతుంది, దాని దగ్గర పిసినారితనం వద్దు.

అక్కడ ఏం చూడాలో నువ్వు అడగలేదు, మీ దగ్గర రీల్స్ ఉన్నాయి, నాకన్నా బాగా తెలుసు. ఒక్కటి చెప్తా, పెట్రోనాస్ టవర్ల పైకి ఎక్కాలంటే సోమవారం మూసేస్తారు, శని ఆదివారాల్లోనే పెట్టుకోండి. బటు కేవ్స్‌కి, అంటే మురుగన్ గుడి ఉన్న గుహలకి, కేఎల్ సెంట్రల్ స్టేషన్ నుంచి రైలుంది. 272 మెట్లు. తిరుత్తణిలో 365 మెట్లు ఎక్కిన కాళ్లకు అదొక లెక్కా? కోతులు మాత్రం మన అలిపిరి కోతులకు అన్నలు, చేతిలో కవరు పట్టుకోకండి. మురుగన్ పండగ తైపూసం దగ్గరపడే రోజులు కాబట్టి కావడి మోసేవాళ్లు అప్పటికే రావడం మొదలుపెట్టి ఉండొచ్చు. చూడు, బాగుంటుంది.

తిరిగి చెన్నైలో రాత్రి దిగుతారు కదా, ఆ వేళలో ఐదుగురూ ఒక తెలియని కారు మాట్లాడుకుని తిరుపతి రావద్దు. డ్రైవర్‌కీ నిద్రే, మీకూ నిద్రే. టెర్మినల్‌లో కూర్చుని తెల్లవారుజామున మొదటి మెట్రోలో చెన్నై సెంట్రల్‌కి వెళ్తే పొద్దున్నే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. బస్సంటే మాధవరం దాకా పోవాలి, లగేజీతో రైలే నయం.

మరి ఇంట్లో ఎలా చెప్పడం? ఫోన్‌లో మాత్రం చెప్పకు, ఒకసారి అయింది కదా. ఈ శనివారం ఊరికి పో. మీ నాన్న పాల కేంద్రంలో పాలు పోసి వచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చుంటారే, ఆ పూట చెప్పు. ముందు పండగ మూడు రోజులూ ఇంట్లోనే ఉంటానని చెప్పు. తర్వాత దేశం పేరు, తర్వాత ఎవరెవరు వస్తున్నారో, అబ్బాయిలతో సహా. అమ్మాయిలకు వేరే రూమని అడగకముందే చెప్పేయ్, ఆ ప్రశ్న వాళ్ల చేత అడిగించుకోకు. ఒక తెల్లకాగితం మీద ఫ్లైట్ నంబర్లు, హోటల్ చిరునామా, ఐదుగురి ఇంటి నంబర్లు, కౌలాలంపూర్‌లో మన హైకమిషన్ నంబర్ రాసి మీ నాన్న చేతికివ్వు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటారు, చూస్తుండు. మీ అమ్మ ‘ఆ డబ్బుతో ఏదైనా వస్తువు కొనుక్కోవచ్చు కదే’ అంటుంది. అననీ. వెంటనే జవాబు చెప్పకు, అనపకాయలు ఉంటే ముందేసుకుని ఆమెతో పాటు ఒలుస్తూ కూర్చో. డిసెంబర్ కదా, మీ ఇంట్లో ఉండే ఉంటాయి. చేతులకు పనుంటే మాటలు మెత్తగా వస్తాయి.

అయినా ఒప్పుకోరేమో? ఒప్పుకోకపోతే ఈసారికి ఆగిపో. ఫ్రెండ్స్ రెండ్రోజులు మూతి ముడుస్తారు, మూడో రోజు అసైన్‌మెంట్ అడగడానికి వస్తారు. నీ 42,000 ఎక్కడికీ పోవు, మలేషియా కూడా ఎక్కడికీ పోదు. కానీ ఒప్పుకుంటారనే నాకనిపిస్తోంది. ‘నీ ఇష్టం’ అనగలిగిన తండ్రి, అన్నీ తెలిస్తే ‘జాగ్రత్తగా పోయిరా’ అనకపోతాడా?

చివరగా చెయిన్ మాట. వద్దు. విదేశం నుంచి సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వీలు ఏడాదికి పైగా అక్కడ ఉండి వచ్చినవాళ్లకే. మూడు రోజులు తిరిగొచ్చిన నీకు ఒక్క గ్రాము కూడా లేదు, సన్నదైనా సరే చెప్పి సుంకం కట్టాలి. కడితే ఇక చవకేముంది, చిత్తూరులోనే కొనొచ్చు. అమ్మకి ఏం తేవాలో నన్నడిగితే, గొడ్డలి బొమ్మ ఉన్న పచ్చ తైలం సీసాలు రెండు తే. సింగపూర్, మలేషియా పోయొచ్చిన ఇంట్లో ఆ వాసన లేకపోతే మనవాళ్లు అసలు పోయినట్టే నమ్మరు. ఒకటి అమ్మకి, ఇంకోటి వాసన పట్టి అడగడానికి వచ్చే పక్కింటావిడకి. చేతి సంచిలో పెట్టుకోకు, చెకిన్ బ్యాగులో బట్టల మధ్య పెట్టి, మూత చుట్టూ టేపు వెయ్యి.